పొట్టలో నీళ్లు, గ్రాఫ్ మీద చుక్క: కాలేయ జబ్బున్న పాపకు పోషణ అంచనా వేసిన తీరు

పాపకు తొమ్మిది నెలలు. సూళ్లూరుపేట లైన్‌లో ఒక చిన్న ఊరు. తెల్లవారకముందే లోకల్ ట్రైన్ ఎక్కి, మూర్ మార్కెట్ స్టేషన్‌లో దిగి, ఆటో పట్టుకుని ఓపీ తెరిచే వేళకు వచ్చి కూర్చున్నారు అమ్మ, నాన్న, అమ్మమ్మ. నేను చెన్నైలో పిల్లల కాలేయ విభాగంలో డైటీషియన్‌ని. నెల్లూరు, తిరుపతి, ఒంగోలు వైపు నుంచి వచ్చే ఇలాంటి కుటుంబాలను దాదాపు రోజూ చూస్తాను. అయినా ఈ పాప గురించే వివరంగా రాయడానికి కారణం ఉంది. మొదటి రోజు నేను ఈ పాపను తప్పుగా అంచనా వేశాను. ఎక్కడ తప్పానో, అది ఎలా తెలిసిందో, తర్వాత ఏం కొలిచామో, ఏం పెట్టామో చెబుతాను. జిల్లా ఆసుపత్రుల్లో, చిన్న నర్సింగ్ హోముల్లో ఇలాంటి పిల్లల్ని చూసే డైటీషియన్లకు, నర్సులకు, పిల్లల డాక్టర్లకు పనికొస్తుందని నా ఆశ. కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు రాయడం లేదు.

అంతకుముందు

పుట్టినప్పుడు పాప 2.9 కిలోలు. మూడో రోజు కళ్లు పచ్చబడ్డాయి. "అందరు పిల్లలకీ వస్తాయి, పొద్దుటి ఎండ చూపించండి" అన్నారట. చూపించారు. నెల దాటినా పచ్చదనం పోలేదు. మలం మాత్రం సున్నం కలిపిన పిండిలా తెల్లగా వస్తోందని అమ్మమ్మ కనిపెట్టింది. అది డాక్టరుకు చెప్పాల్సిన సంగతని ఆమెకు ఎవరూ చెప్పలేదు. రెండు వారాలు దాటినా కామెర్లు తగ్గని పసిబిడ్డకు డైరెక్ట్ బిలిరుబిన్ పరీక్ష, అంటే పచ్చదనం తెచ్చే పదార్థం పిత్తం ఆగడం వల్ల రక్తంలో చేరుతోందా అని చూసే పరీక్ష, చేయించాలి. మలం తెల్లగా ఉంటే ఒక్క రోజు కూడా ఆగకూడదు. ఈ పాప విషయంలో ఆ పరీక్ష రెండు నెలలు దాటాక జరిగింది.

తేలిన జబ్బు బిలియరీ అట్రీసియా. కాలేయం నుంచి పేగులోకి పిత్తం తీసుకెళ్లే గొట్టాలు మూసుకుపోయే జబ్బు ఇది. 82వ రోజున వేరే ఊళ్లో కసాయ్ ఆపరేషన్ చేశారు. ఈ పేరు మన చెవికి ఇంకోలా వినిపిస్తుంది. పాప నాన్న కూడా ఆ మాట విని మొదట బెదిరిపోయాడట. అది జపాన్ సర్జన్ మోరియో కసాయ్ పేరు. పేగు ముక్కను నేరుగా కాలేయానికి కలిపి పిత్తానికి దారి చేసే ఆపరేషన్. 60 రోజుల లోపు చేస్తే దారి తెరుచుకునే అవకాశం ఎక్కువ, ఆలస్యమయ్యే కొద్దీ తగ్గుతుంది. పాపకు దారి తెరుచుకోలేదు. మా దగ్గరికి వచ్చేసరికి బిలిరుబిన్ 11, కాలేయం గట్టిపడింది, ప్లీహం పెరిగింది, పొట్టలో నీరు చేరింది. ఇక మిగిలింది కాలేయ మార్పిడే.

నేను వేసిన చుక్క

ఓపీలో బరువు 7.1 కిలోలు, పొడవు 66 సెంటీమీటర్లు. 2006 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూ.హెచ్.ఓ.) ఎదుగుదల గ్రాఫ్ తీసి చుక్క పెట్టాను. తొమ్మిది నెలల ఆడపిల్లకు మధ్య గీత 8.2 కిలోల దగ్గర, మైనస్ 2 గీత (దాని కిందకు పడితే బరువు బాగా తక్కువని లెక్క) 6.5 దగ్గర ఉంటాయి. పాప ఆ రెండింటి మధ్య ఉంది. పైగా మూడు వారాల కింద వేరే చోట చూసిన బరువు 6.7. అంటే 400 గ్రాములు పెరిగింది. అమ్మ మొహం వెలిగిపోతోంది. నేను కూడా ఫైల్లో "బరువు తక్కువ, కానీ పెరుగుతోంది" అని రాసి, అడ్మిషన్ కాగితాలతో పైకి పంపాను.

ఆ సాయంత్రం వార్డులో రక్తం తీయడానికి సిస్టర్ టోర్నికే కడుతోంది. నేను పక్క మంచం దగ్గర ఉన్నాను. రబ్బరు పట్టీ ఎంత బిగించినా జారిపోతోంది. ఆమె నా వైపు తిరిగి, "కై రొంబ ఒల్లి మేడమ్" అంది. చెయ్యి మరీ సన్నం అని. దగ్గరికెళ్లి చూశాను. బుగ్గలు నిండుగా ఉన్నాయి. పొట్ట నిగనిగలాడుతూ ఉబ్బి, నరాలు నీలంగా పైకి కనిపిస్తున్నాయి. ఆ రెండింటి మధ్య ఉన్న చెయ్యిలో మాత్రం ఎముక మీద చర్మం తప్ప ఏమీ తగల్లేదు. భుజం దగ్గర మడతలు వేలాడుతున్నాయి. ఓపీలో పాప పొడుగు చేతుల ఊలు చొక్కాలో ఉంది. చొక్కా విప్పించలేదు నేను. ఆ ఒక్క పని చేసి ఉంటే చుక్క పెట్టే ముందే ఆగేదాన్ని.

మూడు వారాల్లో పెరిగిన ఆ 400 గ్రాములు కండ కాదు, నీళ్లు.

చెయ్యి కొలవడం

దీర్ఘకాలిక కాలేయ జబ్బులో బరువు ఎందుకు పనికిరాదో ఇంతకంటే చెప్పక్కర్లేదు. పొట్టలో నీరు, పెరిగిన కాలేయం, పెరిగిన ప్లీహం అన్నీ తూకంలో పడతాయి. చేతుల్లోకి నీరు అంత త్వరగా దిగదు. అందుకే భుజం, మోచేయి మధ్య చుట్టుకొలత, వెనక వైపు చర్మం మడత మందం, ఈ రెండూ మాకు ముఖ్యం.

కొలిచే పద్ధతిలోనే సగం తప్పులు జరుగుతాయి కాబట్టి కాస్త ఆగి చెబుతాను. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర మడిచి, భుజం కొన ఎముక నుంచి మోచేతి మొన దాకా టేపుతో కొలిచి, సరిగ్గా సగం దగ్గర పెన్నుతో గుర్తు పెట్టాలి. కంటితో అంచనా వేసి పెట్టే గుర్తు పనికిరాదు. ఒక్క సెంటీమీటరు పైకి జరిగినా రీడింగ్ మారిపోతుంది. తర్వాత చెయ్యి వదులుగా వేలాడనిచ్చి ఆ గుర్తు మీదుగా టేపు చుట్టాలి. చర్మం నొక్కుకోకూడదు, టేపు కింద ఖాళీ ఉండకూడదు. చర్మం మడతకు మాత్రం ఆ గుర్తుకు ఒక సెంటీమీటరు పైన, వెనక వైపు, బొటనవేలు, చూపుడువేలుతో చర్మాన్నీ కొవ్వునీ కండ నుంచి విడదీసి పట్టుకుని, మందం కొలిచే క్యాలిపర్‌ని గుర్తు మీద పెట్టి, రెండు సెకన్ల తర్వాత చదవాలి. మూడుసార్లు తీసి సగటు వేయాలి. పాప ఏడుస్తుంటే కండ బిగుస్తుంది, అప్పుడు తీసిన అంకె రాయకూడదు. ఈ పాపకు పాలు తాగి మత్తుగా ఉన్నప్పుడు, అమ్మ భుజం మీద వేసుకుని ఉండగా తీశాను.

చుట్టుకొలత 11.2 సెంటీమీటర్లు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 11.5 కంటే తక్కువుంటే తీవ్ర పోషకాహార లోపం కిందే లెక్క. అంగన్‌వాడీ టేపులో ఎర్ర రంగు. చర్మం మడత మూడు రీడింగులు 4.6, 4.8, 4.6. సగటు 4.7 మిల్లీమీటర్లు. చుట్టుకొలతలోంచి ఈ మందాన్ని 3.14తో హెచ్చవేసి తీసేస్తే కండ చుట్టుకొలత వస్తుంది. 11.2లోంచి 1.5 పోగా 9.7. ఇలా విడదీసి చూడటం నాకు అలవాటు. ఎందుకంటే తిండి పెరిగితే కొవ్వు ముందు వస్తుంది, కండ నిదానంగా వస్తుంది. ఒక్క చుట్టుకొలతే రాస్తే ఏది పెరిగిందో తెలియదు.

పొడవు మైనస్ 2 గీతకు కాస్త పైన ఉంది. తల చుట్టుకొలత 42.5, ఫర్వాలేదు. పొట్ట చుట్టుకొలత 49, అది నీరు తగ్గుతోందా లేదా చూడటానికి మాత్రమే.

రక్తంలో ఉండే ప్రొటీన్ అల్బుమిన్ ఎక్కించడం, మూత్రం మందులు, ఒకసారి సూదితో నీరు తీయడం, ఇవన్నీ అయ్యాక పదో రోజున తూకం 6.2 కిలోలు. 900 గ్రాములు పోయింది. నేను ఓపీలో పెట్టిన చుక్క మైనస్ 2 గీత కిందికి జారింది. చేతి చుట్టుకొలత మాత్రం 11.2 నుంచి 11.1కి, అంతే. నీరు ఉన్నా పోయినా చెయ్యి ఒకే మాట చెప్పింది.

ఉగ్గుగిన్నెలో ఏముంది

"ఏం పెడుతున్నారమ్మా?" అని అడిగితే ఏ ఇంట్లోనైనా "అన్నీ పెడుతున్నాం మేడమ్" అనే జవాబే వస్తుంది. అబద్ధం చెప్పరు, వాళ్లకు అలాగే అనిపిస్తుంది. అందుకని నేను నోటి మాట మీద రాసుకోను. వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకున్న గిన్నె, గ్లాసు, చెంచా బల్ల మీద పెట్టించి, ఎంత పిండి, ఎన్ని నీళ్లు అని చేసి చూపించమంటాను. అమ్మమ్మ వార్డు వంటగదిలో రాగిజావ కాచి చూపించింది. పెద్ద స్టీలు గ్లాసు నీళ్లకు రెండు చిన్న చెంచాల పిండి. గరిటెతో ఎత్తి పోస్తే నీళ్లలా జారింది. ఉప్పు, బెల్లం, నెయ్యి ఏమీ లేవు. ఆ గ్లాసు మొత్తం తాగినా పాతిక కేలరీలు మించవు. పాప పొట్ట మాత్రం నిండిపోతుంది. అసలే నీటితో ఉబ్బిన పొట్టలో జీర్ణకోశానికి చోటు తక్కువ, ఆ కాస్త చోటునీ నీళ్లే ఆక్రమిస్తున్నాయి.

తల్లిపాల లెక్క కూడా తూకంతోనే తీశాం. పాలకు ముందు, తర్వాత, డైపర్ మార్చకుండా, అదే మెషీన్ మీద. ఒకసారికి 50 గ్రాములు. ఏడుసార్లకు 350 మిల్లీలీటర్లు, సుమారు 235 కేలరీలు. మూడు పూటల జావ, రెండు గిన్నెల పల్చటి మజ్జిగన్నం, పాలలో నానబెట్టిన బిస్కెట్ అన్నీ కలిపితే రోజుకు 450. ప్రొటీన్ ఎనిమిది గ్రాములకు లోపే.

పప్పు ఎందుకు పెట్టడం లేదని అడిగాను. అమ్మమ్మ నెమ్మదిగా చెప్పింది. "కామెర్లకు నూనె తగిలితే చేటమ్మా. పప్పూ గుడ్డూ అరగవు. మా అన్న కొడుక్కి ఇట్నే కళ్లు పచ్చబడితే నలభై రోజులు చప్పిడి పథ్యం పెట్టినాం. పసరు పోయించినాం. నిమ్మళించింది."

ఆమె చెప్పిన ఆ పిల్లాడికి వచ్చింది బహుశా నీటి వల్ల వచ్చే హెపటైటిస్. చాలామందిలో అది కొన్ని వారాల్లో తనంతట తానే తగ్గుతుంది. ఆ పేరు పథ్యానికి, పసరుకి దక్కుతుంది. మన ఇళ్లలో "కామెర్లు" అనే ఒక్క మాట కింద పది రకాల జబ్బులు ఉన్నాయి, కానీ పథ్యం ఒక్కటే. ఒక నెలలో తగ్గే జబ్బుకు ఆ పథ్యం పెద్దగా హాని చేయకపోవచ్చు. నెలల తరబడి సాగే జబ్బులో, ఎదిగే వయసులో, అది పిల్లను ఎండగడుతుంది. ఇది చెప్పేటప్పుడు అమ్మమ్మను తప్పుపట్టే మాట ఒక్కటి కూడా నా నోట రాకూడదని గట్టిగా అనుకున్నాను. ఆ ఇంట్లో పాప గిన్నె ఆమె చేతిలోనే ఉంది, రేపు కూడా ఉంటుంది. "పెద్దమ్మా, మలం తెల్లగా ఉందని అందరికంటే ముందు కనిపెట్టింది మీరే. ఇప్పుడు తిండి విషయం కూడా మీ చేతుల్లోనే పెడుతున్నా" అన్నాను. ఆమె కళ్లు తుడుచుకుని, "చెప్పమ్మా, రాసుకోమంటా" అని కూతురి వైపు చూసింది.

రక్తపరీక్షల్లో ఏం చూశాం, ఏం నమ్మలేదు

అల్బుమిన్ 2.4. దీన్ని చూసి ఒక బంధువు పెద్దవాళ్లు తాగే ప్రొటీన్ పౌడర్ డబ్బా కొనుక్కొచ్చాడు. ప్రేమతో తెచ్చాడు, కాదనను. కానీ అల్బుమిన్ కాలేయంలో తయారవుతుంది, ఇన్ఫెక్షన్‌లో పడిపోతుంది, నీరు చేరితే పల్చబడుతుంది. దాన్ని బట్టి పాప తిండి ఎంతో తేల్చలేం. పోషణ అంచనాలో నేను దాన్ని లెక్కలోకి తీసుకోను.

పిత్తం పేగులోకి రాకపోతే కొవ్వు అరగదు, కొవ్వుతో పాటు ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టవు. రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే ఐ.ఎన్.ఆర్. 1.8 ఉంది. విటమిన్ కె మూడు రోజులు ఇంజెక్షన్‌గా ఇస్తే 1.3కి దిగింది. అంటే అందులో ఎక్కువ భాగం విటమిన్ లోపమే, కాలేయం పూర్తిగా చేతులెత్తేయలేదు. మణికట్లు వెడల్పుగా ఉన్నాయి, ఎక్స్‌రేలో రికెట్స్ (ఎముకలు మెత్తబడే జబ్బు) కనిపించింది, విటమిన్ డి బాగా తక్కువ. ఎముకల నుంచీ కాలేయం నుంచీ వచ్చే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ రక్తంలో పెరగడం ఈ జబ్బులో మామూలే కాబట్టి దాన్ని బట్టి రికెట్స్ అనలేం. విటమిన్ ఇ అంకె మామూలుగా వచ్చింది. ఇక్కడ చాలామంది పొరబడతారు. పిత్తం ఆగిన పిల్లల రక్తంలో కొవ్వులు పెరుగుతాయి, విటమిన్ ఇ వాటిని పట్టుకుని రక్తంలోనే ఉండిపోతుంది. మొత్తం కొవ్వుతో భాగించి చూస్తే తక్కువే అని తేలింది. అందుకే నీటిలో కరిగే రకం మొదలుపెట్టాం. జింక్ కూడా తక్కువే.

ఏం పెట్టాం

అవసరం లెక్కకట్టడానికి ఉన్న బరువు తీసుకోలేదు. పొడవుకు తగ్గ బరువు, అంటే 7.3 కిలోలు తీసుకున్నాం. కిలోకు 130 చొప్పున రోజుకు 950 కేలరీలు. ప్రొటీన్ కిలోకు 3 గ్రాములు, మొత్తం 22. కాలేయ జబ్బంటే ప్రొటీన్ తగ్గించాలనే పాత మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. ఎదిగే పిల్లల్లో అలా తగ్గిస్తే వాళ్ల కండే కరుగుతుంది.

కొవ్వులో కొంత ఎం.సి.టి. (మధ్యస్థ గొలుసుల కొవ్వు) నూనెగా ఇచ్చాం. దానికి పిత్తం అక్కర్లేదు, పేగు నుంచి నేరుగా కాలేయపు సిరలోకి వెళుతుంది. చెంచాకు దాదాపు 39 కేలరీలు. అమ్మమ్మ అడిగింది, "కొబ్బరినూనె పోస్తే సరిపోదా అమ్మా? ఇక్కడ అందరూ అదే అంటున్నారు." మంచి ప్రశ్న. మద్రాసులో సగం మంది తల్లులు అడుగుతారు. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. అది చాలావరకు మామూలు కొవ్వులాగే పిత్తం సాయంతోనే అరుగుతుంది. పిత్తం లేకుండా తేలిగ్గా పట్టే, గొలుసు పొట్టిగా ఉండే కొవ్వు ఆమ్లాలు అందులో కొంతే. కాబట్టి ఒకదానికి బదులు ఒకటి కాదు. ఎం.సి.టి. తాలింపుకు పనికిరాదు, అన్నం దించాక కలపాలి. ఒక్కసారిగా పెంచితే విరేచనాలు అవుతాయి, అర చెంచాతో మొదలుపెట్టాం. మొత్తం కొవ్వంతా ఎం.సి.టి. చేయకూడదు. ఒంటికి తప్పనిసరైన కొవ్వు ఆమ్లాలు అందులో ఉండవు, మామూలు వంటనూనె కూడా కొంత ఉండాలి.

జావ గట్టిపడింది, గరిటె తిప్పితే గీత నిలిచేంత. పెసరపప్పు పులగం మెత్తగా మెదిపి, గుడ్డు పచ్చసొన బాగా ఉడికించి. పొట్టలో నీరు ఉంది కాబట్టి పైన ఉప్పు లేదు, బిస్కెట్లు మానేశాం. ఇదంతా చేసినా మూడో రోజుకు నోటి ద్వారా 600 దాటలేదు. పాపకు ఓపిక లేదు, నాలుగు చెంచాలకే తల తిప్పేస్తోంది.

అప్పుడు ముక్కు గొట్టం, అంటే ముక్కులోంచి పొట్టలోకి పాలు పంపే గొట్టం, మాట ఎత్తాం. అమ్మ ఏడ్చింది. ముక్కులో పైపు అంటే ఆఖరి దశ అని ఆమె మనసులో ఉంది. అదే కారిడార్లో, గొట్టంతో ఉన్న తన బాబును చంకనేసుకుని తిరుగుతున్న ఇంకో తల్లి దగ్గరికి తీసుకెళ్లాను. వాళ్లిద్దరూ అరగంట మాట్లాడుకున్నారు, నేను పక్కనే ఉండి ఏమీ అనలేదు. మరుసటి పొద్దున ఒప్పుకుంది. అన్నవాహికలో నరాలు ఉబ్బి ఉన్నా మెత్తటి గొట్టం వేయొచ్చు. పొట్టకు రంధ్రం చేసి పెట్టే గొట్టం మాత్రం ఈ పిల్లలకు మేం వేయం, రక్తస్రావం భయం.

రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా గంటకు 20 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి 45కి తీసుకెళ్లాం, మిల్లీలీటరుకు ఒక కేలరీ ఉండే పాలు. అలా రాత్రికి 360. ఇంకో లాభం కూడా ఉంది. కాలేయం చక్కెర నిల్వ చేసుకోలేని పిల్లకు రాత్రంతా పస్తు ప్రమాదం. మూడో రోజున రక్తంలో ఫాస్ఫేట్ అనే లవణం 2.6కి పడిపోయింది. ఎండిపోయిన ఒంటికి ఒక్కసారిగా తిండి అందితే ఇలా జరుగుతుందని ముందే రోజూ చూస్తున్నాం కాబట్టి దొరికింది. ఫాస్ఫేట్ ఇచ్చి, రెండు రోజులు వేగం తగ్గించి, మళ్లీ పెంచాం.

ఇంటికెళ్లాక

మూడు వారాలకు గొట్టంతోనే ఇంటికి పంపాం. అమ్మకు గొట్టం సరైన చోట ఉందో లేదో చూడటం, పంపు కడగడం, తేడా అనిపిస్తే ఫీడ్ ఆపడం నేర్పాకే పంపాం. ప్రతి వారం చెన్నై రావడం వాళ్ల వల్ల కాదు. ఊళ్లో అంగన్‌వాడీ టీచర్ ఉంది, ఆమె దగ్గర మూడు రంగుల టేపు ఉంది. ఫోన్లో మాట్లాడి, చేతికి సగం దగ్గర గుర్తు ఎలా పెట్టాలో వీడియో పంపాను. ఆదివారం ఆదివారం టేపు చుట్టిన చేతి ఫోటో వాట్సాప్‌లో వచ్చేది. బరువు అడగలేదు నేను.

ఆరో వారానికి చుట్టుకొలత 11.9, చర్మం మడత 5.8, కండ 10.1. పన్నెండో వారానికి 12.4, 6.6, 10.3. కొవ్వు ముందు, కండ వెనక. ఆ పన్నెండు వారాల్లో బరువు 6.2 నుంచి 6.9కి మాత్రమే వెళ్లింది. ఒక్క తూకమే చూసి ఉంటే ఇంత కష్టానికి ఫలితం ఇంతేనా అని నిరుత్సాహపడేవాళ్లం.

ఇంత చిన్న పిల్లకు కాలేయ మార్పిడి ఏమిటని నాన్న చాలా టెన్షన్ పడ్డాడు. మన దేశంలో మొదటిసారి విజయవంతమైన పిల్లల కాలేయ మార్పిడి 1998లో ఢిల్లీలో జరిగింది, ఆ బాబుకు ఇరవై నెలలు, ఇదే జబ్బు, ఊరు మన పక్కనున్న కాంచీపురం, పెద్దయ్యాక మెడిసిన్ చదివాడు అని చెప్పాను. ఆ సంగతి ఆయన మా ముందే ఫోన్ చేసి ఊళ్లో ముగ్గురికి చెప్పాడు.

పదమూడో నెలలో అమ్మ కాలేయంలో ఎడమ పక్క ముక్క తీసి పాపకు పెట్టారు. మార్పిడి అయిన మూడో నెల చెకప్‌లో చుట్టుకొలత 13.5. ఈసారి చొక్కా అమ్మమ్మే విప్పి, చెయ్యి నా ముందు చాపింది. కొలత రాసుకుంటుంటే అడిగింది, "ఇంక మామూలు నెయ్యి వెయ్యొచ్చా అమ్మా, పప్పన్నంలో?"

"వెయ్యొచ్చు పెద్దమ్మా. పిత్తం బాగా పారుతోంది. ఆ నూనె సీసా ఈ వారంతో ఆపేద్దాం."